వీసా వచ్చింది... ఓటీపీ వస్తుందా?

రాయలసీమ నుంచి కారులో వచ్చేవాళ్లకు బెంగళూరు కంటే ముందు బెంగళూరు విమానాశ్రయం తగులుతుంది. పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్లాపురం దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద దిగి వస్తుంటే, ఊరు ఇంకా చాలా దూరం ఉందనగానే దేవనహళ్లి. హిందూపురం వాళ్లకైనా, ధర్మవరం వాళ్లకైనా అమెరికా గుమ్మం ఇదే, దుబాయ్ గుమ్మం ఇదే. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీల్లో కాపురాలు పెట్టిన లక్షలాది తెలుగువాళ్ల సంగతి సరేసరి. 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ విమానాలు రెండో టెర్మినల్‌కు మారాయి. అప్పటి నుంచి రాత్రి పది దాటాక అక్కడి చెక్-ఇన్ వరుసల్లో తెలుగు వినపడని వరుస అరుదు.

ఆ వరుసల్లో కనిపించే శ్రద్ధ అంతా ఇంతా కాదు. పెట్టె ఇరవై మూడు కిలోలు దాటకుండా ఇంట్లోనే చేతి త్రాసుతో తూచుకుని వస్తారు. నిమ్మకాయ ఊరగాయ సీసాకు పాలిథిన్ కవరు మీద కవరు చుట్టి, టేపు వేసి, ఆ మీద చీరలో పొదుగుతారు. చెనిక్కాయల పొడి మీద మనవరాలి పేరు రాస్తారు. ప్రయాణ బీమా కాగితాలు రెండు సెట్లు, వీసా జిరాక్సు మూడు సెట్లు. ఇంత చేసినవాళ్లను బ్యాంకు అకౌంటుకు ఏ ఫోన్ నంబరు జతపడి ఉందో అడిగి చూడండి, సగం మంది పక్కవాళ్ల మొహం చూస్తారు.

ఒకప్పుడు విదేశం వెళ్లేవాడికి ఎన్ని డాలర్లు ఇవ్వాలో రిజర్వు బ్యాంకు తేల్చేది. ఇప్పుడు ఆ పెత్తనం ఫోనుకొచ్చే ఆరంకెల మెసేజీది. డబ్బు మన అకౌంటులో ఉన్నా, అది వాడుకోవాలంటే ఆ మెసేజీ రావాలి. అది ఎక్కడికి వస్తుందో చూసుకోకుండా విమానం ఎక్కితే, చేతిలో నాలుగు కార్డులున్నా కూతురి దగ్గరో అల్లుడి దగ్గరో చేయి చాచాల్సిందే.

ఎనిమిది డాలర్ల కాలం

1970లలో అమెరికా వెళ్లిన తెలుగు డాక్టర్లను, ఇంజినీర్లను ఎవరిని కదిపినా ఎనిమిది డాలర్ల కథ చెబుతారు. ప్రభుత్వం ఇచ్చింది అంతే. జేబులో ఆ ఎనిమిది డాలర్లు, తెలిసినవాళ్ల చిరునామా రాసుకున్న కాగితం. 1973 నాటి ఫెరా చట్టం కింద అనుమతి లేకుండా విదేశీ కరెన్సీ దగ్గర ఉంచుకోవడం నేరం. దేశం దగ్గరే డాలర్లు లేని రోజులవి. చివరికి 1991 జులైలో, పీవీ నరసింహారావు ప్రధాని అయిన కొద్ది రోజులకే, దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో కుదువ పెట్టాల్సి వచ్చింది. అప్పట్లో ఆర్థిక శాఖలో విదేశీ చెల్లింపుల వ్యవహారం చూస్తున్న అధికారుల్లో కడప జిల్లావాడైన వై.వి.రెడ్డి ఒకరు.

ఆ తర్వాత ఫెరా పోయి, 2000 జూన్ 1 నుంచి ఫెమా అమల్లోకి వచ్చింది. 2004 ఫిబ్రవరిలో, అదే వై.వి.రెడ్డి రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉండగా, మామూలు మనిషి కూడా ఏడాదికి 25 వేల డాలర్లు బయటికి పంపుకునే పథకం మొదలైంది. బ్యాంకు కౌంటర్లలో ఎల్ఆర్ఎస్ అని వినబడేది అదే. తర్వాత ఆ పరిమితి పెరుగుతూ పోయింది. 2013 ఆగస్టులో రూపాయి జారిపోతుంటే, మరో తెలుగు గవర్నరు దువ్వూరి సుబ్బారావు హయాంలో, దాన్ని 75 వేల డాలర్లకు కుదించారు. 2015లో రెండున్నర లక్షల డాలర్లయింది. ఇప్పటికీ అంతే. ఒక మనిషికి, ఒక ఆర్థిక సంవత్సరానికి.

2024-25లో ఈ దారిన దేశం నుంచి బయటికి వెళ్లింది దాదాపు 2,956 కోట్ల డాలర్లు. అందులో ప్రయాణాల ఖర్చే 1,696 కోట్లు. బంగారం కుదువ పెట్టిన దేశంలో సగానికి పైగా విహారాలకే పోతోందని నొచ్చుకునేవాళ్లున్నారు. నాకు మాత్రం తప్పేమీ కనిపించదు. ఎనిమిది డాలర్లతో వెళ్లిన తరం పిల్లల్ని చూడటానికి ఇప్పటి తరం అత్తమామలు వెళుతున్నారు, తమ డబ్బుతో.

తాళం జర్మనీలో ఉంది

ప్రయాణానికి రెండు రోజుల ముందు ఇళ్లలో వినిపించే మాటలు ఇలా ఉంటాయి. కూతురు బెంగళూరులో, నాన్న అనంతపురంలో, మధ్యన ఫోను.

"నాన్నా, నీ పెన్షను అకౌంటుకు ఏ నంబరు ఇచ్చినావు?"

"తమ్మునిదే మ్మా. ఈ మెసేజీలవీ నాకు తెలీవని వాడే ఎక్కిచ్చినాడు."

"వాడిప్పుడు యాడుండాడు?"

"జర్మనీలో కదా, ఆన్‌సైటు."

"ఇక్కడి సిమ్ము పెట్టుకోనుండాడా, తీసేసినాడా?"

"అదేమో తెల్దు మ్మా. ఆడ కొత్త సిమ్ము కొనుక్కున్న్యాడంట."

అంటే పెన్షను అనంతపురం శాఖలో పడుతుంది, పెద్దాయన వెళ్లేది డల్లాస్‌కు, తాళం చెవి జర్మనీలో ఎవరి సొరుగులోనో ఉంది. ఇది నవ్వుకునే విషయమే గానీ, అరుదైనది మాత్రం కాదు. పెద్దవాళ్ల అకౌంట్లలో పిల్లల నంబర్లు, పిల్లల అకౌంట్లలో పాత ఆఫీసు ఇచ్చిన నంబర్లు ఉండిపోవడం మన ఇళ్లలో మామూలు. నంబరు మార్చుకోవాలంటే చాలా బ్యాంకుల్లో శాఖకు వెళ్లి సంతకం పెట్టాలి, లేదా ఏటీఎం దగ్గర నిలబడాలి. రెండూ దేవనహళ్లి దాటక ముందే అయ్యే పనులు.

నంబరు మనదే అయినా అంతటితో తీరదు. ప్రీపెయిడ్ సిమ్ముకు ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించాలి. అది ఆన్‌లో ఉంటే ఎస్సెమ్మెస్ అందుకోవడానికి మామూలుగా డబ్బు పడదు. మాట్లాడితేనే, నెట్ వాడితేనే బాదుడు. అందుకే ఇప్పుడు తెలిసినవాళ్లు చేసే పని: మన సిమ్మును ఫోనులోనే ఉంచి దాని డేటా రోమింగ్ ఆపేస్తారు, నెట్ కోసం అక్కడి ఈ-సిమ్ వేసుకుంటారు. మన సిమ్ము తీసి పర్సులో పెట్టుకునే పాత అలవాటు మాత్రం మానుకోవాలి. చాలా యూపీఐ యాప్‌లు, బ్యాంకు యాప్‌లు ఆ సిమ్ము ఆ ఫోనులోనే ఉందా అని చూసుకుంటాయి. తీసేస్తే మొత్తం మళ్లీ మొదటి నుంచి నమోదు చేసుకోమంటాయి, అందుకు మళ్లీ మెసేజీ కావాలంటాయి.

అమెరికా వెళ్లే తల్లిదండ్రులు తరచుగా ఆరు నెలలు ఉండి వస్తారు. ఇక్కడ ఇంకో చిక్కు. రీచార్జి అయిపోయి, తొంభై రోజులు ఏ వాడకమూ లేకపోతే ఆ నంబరును టెలికం కంపెనీ రద్దు చేయొచ్చు. కొంతకాలం ఆగి, దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తారు. అప్పుడు మీ బ్యాంకు పంపే ఓటీపీలు ముక్కూ మొహం తెలియని మనిషి ఫోనుకు వెళతాయి. ఏడాది ప్లాను ఒకటి వేయించి వెళితే పోయేది తక్కువ.

ఈ ఓటీపీ గోల ఇంతగా ఉన్నది మన దేశంలోనే అని విసుక్కునేవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో తనిఖీ ఉండాలని రిజర్వు బ్యాంకు 2009లోనే నిబంధన పెట్టింది. విదేశీ వెబ్‌సైట్లలో చాలావాటికి ఆ పట్టింపు లేదు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకాల మూడంకెలు ఉంటే చాలు, డబ్బు కోసేసుకుంటాయి. మన కార్డు వివరాలు కొట్టేసిన దొంగ ముందుగా వెళ్లేది అలాంటి సైట్లకే. విసుగు పుట్టించే ఆ మెసేజీ మనల్ని కాచిన సందర్భాలు తక్కువేమీ కాదు. ఇక ఎస్సెమ్మెస్ ఒక్కదాని మీదే ఆధారపడకుండా వేరే రకాల తనిఖీలకూ చోటిస్తూ రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో కొత్త ఆదేశాలు ఇచ్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అవి వర్తిస్తాయి. మీ బ్యాంకు ఈ-మెయిలుకు ఓటీపీ పంపుతుందా, యాప్‌లోనే ఒప్పుకునే ఏర్పాటు ఉందా అన్నది వెళ్లేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న.

"రూపాయల్లో కట్టండి" అంటే కట్టకండి

కార్డుల దగ్గరికి వద్దాం. పాతికేళ్ల కిందటి కార్డులు గుర్తున్నవాళ్లకు, వాటిమీద భారత్, నేపాల్‌లలో మాత్రమే చెల్లుతుందని చిన్న అక్షరాలతో ఉండేదని గుర్తుండే ఉంటుంది. ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు ఇచ్చింది. దేశంలో ఆ పని చేసిన మొదటి బ్యాంకుల్లో అదొకటి. ఇప్పుడు ఆ అచ్చు అక్షరాలు పోయి, వాటి స్థానంలో యాప్‌లో ఒక మీట వచ్చింది. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులకు విదేశీ వాడకం ఆపేసే ఇస్తారు. మనమే ఆన్ చేసుకోవాలి, ఎంతవరకో పరిమితి పెట్టుకోవాలి. ఆన్ చేసి పరిమితి సున్నా దగ్గరే వదిలేసి, కార్డు పని చేయట్లేదని బ్యాంకును తిట్టుకునేవాళ్లు బోలెడుమంది.

పెన్షను అకౌంట్లకు ప్రభుత్వ బ్యాంకులు ఇచ్చే రూపే కార్డుల్లో దేశం లోపల మాత్రమే చెల్లేవి చాలా ఉన్నాయి. అంతర్జాతీయ రకం రూపే వేరు. కార్డు తిప్పి చూసుకుని, అనుమానం ఉంటే శాఖలో అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు లెక్క. డాలరు 90 రూపాయలు అనుకుందాం. న్యూజెర్సీలో వంద డాలర్ల భోజనం. కార్డు గీకితే 9,000 రూపాయలు. చాలా బ్యాంకులు దీనిమీద విదేశీ మారకం రుసుము 3.5 శాతం వేస్తాయి, అంటే 315 రూపాయలు. ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ, 56 రూపాయల 70 పైసలు. మొత్తం 9,371 రూపాయల 70 పైసలు. రెండు లక్షలు ఖర్చయ్యే యాత్రలో ఇదే పద్ధతిన 8,260 రూపాయలు ఎవరికీ చెప్పకుండా పోతాయి. ఈ మారకం రుసుము లేని కార్డులూ, ఒక శాతానికి అటూఇటూ వేసే కార్డులూ మార్కెట్లో ఉన్నాయి. బహుమతి పాయింట్ల గురించి గంటసేపు చర్చించేవాళ్లు ఈ ఒక్క అంకె అడగరు.

దీనికంటే తెలివైన దోపిడీ ఇంకొకటి ఉంది. బిల్లు కట్టేచోట మిషన్ మర్యాదగా అడుగుతుంది: మీ దేశపు డబ్బుల్లో కడతారా, ఇక్కడి డబ్బుల్లోనా? రూపాయల అంకె కనపడగానే మనసుకు హాయిగా ఉంటుంది. అక్కడే పడిపోతాం. రూపాయల్లో అంటే మారకం రేటు వేసేది ఆ దుకాణం తరఫు కంపెనీ, తనకు నచ్చినట్టు వేస్తుంది. అది ఐదు శాతం కలుపుకుందంటే 9,000 కాస్తా 9,450. పైగా లావాదేవీ జరిగింది విదేశంలో కాబట్టి మన బ్యాంకుల్లో కొన్ని దానిమీద విడిగా రుసుము వేస్తాయి. ఏటీఎం కూడా ఇదే ప్రశ్న అడుగుతుంది, మార్పిడి వద్దంటే డబ్బు రాదేమో అన్న భయం పుట్టేలా అడుగుతుంది. వద్దు అని నొక్కినా డబ్బు వస్తుంది. డాలర్ల దేశంలో డాలర్లలో, యూరోల దేశంలో యూరోల్లో కట్టాలి. ఈ కథనంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

ఫారెక్స్ కార్డు సంగతి వేరు. బయల్దేరే ముందే డాలర్లు కొని అందులో వేసుకుంటాం కాబట్టి ఆ రోజు రేటు ఖాయం. బ్యాంకు అకౌంటుతో సంబంధం ఉండదు కాబట్టి పోయినా పోయేది అందులో ఉన్నంతే. ఇంట్లో ఉన్నవాళ్లు ఇక్కణ్నుంచే మళ్లీ నింపొచ్చు. కానీ డాలర్లు నింపిన కార్డును పారిస్‌లో వాడితే డాలరు నుంచి యూరోకు ఇంకో మార్పిడి రుసుము. హోటల్లో దిగేటప్పుడు, కారు అద్దెకు తీసుకునేటప్పుడు ఈ కార్డు ఇవ్వకపోవడం మంచిది. డిపాజిట్ అంటూ మూడు నాలుగు వందల డాలర్లు బిగించి పెడతారు, గది ఖాళీ చేశాక కూడా ఆ సొమ్ము వెంటనే విడుదల కాదు. ఆ పనికి క్రెడిట్ కార్డే సరి. అదే క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీశారా, ఆ రోజు నుంచే వడ్డీ.

అమెరికా వెళ్లేవాళ్లకు ఇంకో చిన్న సంగతి. అక్కడి పెట్రోలు బంకులో మిషన్ ఐదంకెల పిన్‌కోడ్ అడుగుతుంది. మన పిన్‌కోడ్ ఆరంకెలు. తంటాలు పడకుండా లోపలికెళ్లి కౌంటర్లో ముందుగా కట్టేస్తే సరి.

ఎం.జి.రోడ్డు కౌంటర్లో

నగదు కొనడానికి బెంగళూరులో అలవాటైన చోట్లు ఎం.జి.రోడ్డు, రెసిడెన్సీ రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు చుట్టుపక్కల. గాజు తలుపు తోసుకుని వెళితే గోడ మీద ఎర్రంకెల బోర్డు. ఒక్కో కరెన్సీకి రెండు ధరలు, వాళ్లు కొనేది ఒకటి, మనకు అమ్మేది ఒకటి. పాస్‌పోర్టు, పాన్ కార్డు, టికెట్టు, వీసా బల్ల మీద పెట్టాలి, ఏ-2 అనే ఫారం నింపాలి. యాభై వేల రూపాయలు దాటితే నగదు తీసుకోరు, అకౌంటు నుంచే కట్టాలి. లక్ష రూపాయల మార్పిడికి జీఎస్టీ 180 రూపాయలు. అది పెద్ద బరువు కాదు. బరువంతా రేటులోనే ఉంటుంది. కాబట్టి "రేటెంత?" అని ఆగిపోకుండా "వెయ్యి డాలర్లు చేతికి రావాలంటే అన్నీ కలిపి ఎంత కట్టాలి?" అని రెండు చోట్ల అడగండి. బేరానికి ఒప్పుకునే వ్యాపారమే ఇది, మొహమాటం అక్కర్లేదు. విమానాశ్రయం కౌంటర్లో బేరం ఉండదు. తొందరలో ఉన్నవాడికి అమ్మే ధర అది.

నోట్ల రూపంలో చాలా దేశాలకు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకే ఇస్తారు. అంత మోసుకెళ్లాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. మొదటి రెండు రోజులకు రెండు మూడు వందలు చాలు. రూపాయలు 25 వేల వరకు వెంట ఉంచుకోవచ్చు. ఓ రెండు వేలైనా ఉంచుకోండి, తిరిగొచ్చిన రాత్రి దేవనహళ్లిలో ఫోను చార్జింగు అయిపోతే ట్యాక్సీకి అవే దిక్కు.

యూపీఐ బయట కూడా నడుస్తోంది. 2021లో భూటాన్‌తో మొదలై, 2024లో పారిస్ ఈఫిల్ టవర్ టికెట్ల దాకా, శ్రీలంక, మారిషస్‌ల దాకా వెళ్లింది. సింగపూర్‌కు 2023 ఫిబ్రవరి నుంచి ఫోన్ నంబరుతో డబ్బు పంపుకోవచ్చు. యాప్‌లో అంతర్జాతీయ వాడకం విడిగా ఆన్ చేసుకోవాలి. ఉంటే సంతోషమే గానీ, దాన్ని నమ్ముకుని కార్డు ఇంట్లో వదిలి వెళ్లే రోజు ఇంకా రాలేదు.

పోయిందనుకున్న పన్ను

విదేశానికి డబ్బు అనగానే "ఇరవై శాతం పట్టుకుంటారంట కదా" అంటారు. సగం నిజం. 2025 ఏప్రిల్ 1 నుంచి, ఒక మనిషి ఏడాదిలో ఎల్ఆర్ఎస్ కింద పది లక్షల రూపాయలు దాటితేనే ఆ దాటిన మొత్తం మీద ఈ టీసీఎస్ అనే వసూలు. సొంతంగా ఏర్పాటు చేసుకున్న ప్రయాణ ఖర్చులకైతే అది 20 శాతం. టూర్ కంపెనీల దగ్గర కొనే ప్యాకేజీలకు ఈ పది లక్షల మినహాయింపు వర్తించదు, మొదటి రూపాయి నుంచే పడుతుంది. ఆ రేటును 2026 బడ్జెట్ 2 శాతానికి దించింది.

ఫారెక్స్ కార్డు, డెబిట్ కార్డు ఈ లెక్కలోకి వస్తాయి. విదేశంలో ఉండి గీకే క్రెడిట్ కార్డు రాదు. దాన్నీ కలుపుతూ 2023 మే 16న నోటిఫికేషన్ ఇచ్చారు. గగ్గోలు పుట్టడంతో జూన్ 28న వాయిదా అన్నారు. ఆ వాయిదా అలాగే ఉంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇది ఖర్చు కాదు. మీ పాన్ పేరు మీద జమపడే ముందస్తు పన్ను. ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది, రిటర్ను వేస్తే సర్దుబాటవుతుంది, ఎక్కువైతే వాపసు వస్తుంది. పన్ను పరిధిలో లేనని ఏనాడూ రిటర్ను వేయని పెద్దవాళ్లే ఇక్కడ నష్టపోతారు. వాళ్ల అకౌంటులోంచి వాళ్ల పేరు మీద పెద్ద ప్యాకేజీ కొనిస్తే, ఆ ఏడాది రిటర్ను కూడా వేయించండి.

ఆన్‌సైట్ అంటే రెండు వారాలా, రెండేళ్లా?

బెంగళూరు ఐటీ వాళ్లకు ఆన్‌సైట్ అన్న మాట కాఫీ తాగినంత మామూలు. రెండు వారాల మీటింగుకు వెళితే అకౌంటుకేమీ కాదు. ఉద్యోగం కోసం అని వెళితే లెక్క మారుతుంది. ఫెమా దృష్టిలో దేశం దాటిన రోజు నుంచే మీరు ప్రవాసి. ఆదాయపన్ను వాళ్ల 182 రోజుల లెక్క వేరే శాఖది, దీనితో కలపకూడదు. మామూలు సేవింగ్స్ అకౌంటును బ్యాంకుకు చెప్పి ఎన్ఆర్ఓ అకౌంటుగా మార్చుకోవాలి. చాలామంది మార్చరు. "ఎవరు చూస్తారు?" అంటారు. ఇల్లు కొనేటప్పుడో, డబ్బు బయటికి పంపేటప్పుడో బ్యాంకే చూస్తుంది.

ఎన్ఆర్ఓలో ఇక్కడి అద్దెలు, డివిడెండ్లు పడతాయి. దాని వడ్డీ మీద 30 శాతం, ఆపైన సెస్సుతో టీడీఎస్ కోస్తారు. అక్కడ సంపాదించి పంపే డబ్బుకు ఎన్ఆర్ఈ అకౌంటు వేరే. దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకెళ్లొచ్చు. ఎన్ఆర్ఓ నుంచి అయితే ఏడాదికి పది లక్షల డాలర్ల పరిమితి, కాగితాలు. ఈ అకౌంట్లున్నవాళ్లకు పది దేశాల ఫోన్ నంబర్లతోనే యూపీఐ వాడుకునే వీలు 2023లో వచ్చింది. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్, గల్ఫ్ దేశాల్లో కొన్ని అందులో ఉన్నాయి. అంటే ఎన్ఆర్ఓకు మారడం నిబంధన కోసమే కాదు, పైన చెప్పిన సిమ్ము తలనొప్పికి మందు కూడా.

ఎక్కువ కాలం బయట ఉన్నవాళ్లు తిరిగొచ్చి వెతుక్కునేది పాత అకౌంట్లను. బెంగళూరులో పుట్టి మైసూరు పేరు మోసిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూర్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది, అదే రోజు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ కూడా. బెంగళూరులోనే కేంద్ర కార్యాలయం ఉన్న విజయా బ్యాంకు 2019లో బ్యాంక్ ఆఫ్ బరోడాలో, భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిశాయి. 1930లో బెంగళూరులో మొదలైన వైశ్యా బ్యాంకు చేతులు మారి మారి 2015లో కోటక్‌లో కలిసింది. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు మారాయి, చెక్కుబుక్కులు చెల్లకుండా పోయాయి. ఈలోగా రెండేళ్లు ఏ లావాదేవీ లేని అకౌంటు నిద్రాణ ఖాతా అవుతుంది. పదేళ్లయితే అందులోని సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది. అక్కడికి వెళ్లినా మీదే, అడిగి తెచ్చుకోవచ్చు. వెతకడానికి 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే పోర్టల్ వచ్చింది. ఆన్‌సైట్ వెళ్లేముందు వాడని అకౌంట్లు మూసేసి, ఉంచుకున్నదానికి నామినీ పేరు చూసుకుంటే ఇంత వెతుకులాట ఉండదు.

ఇంటి ఖర్చులు మనతో పాటు విమానం ఎక్కవు. ఆటో డెబిట్ పెట్టుకున్న కార్డు చెల్లింపుల్లో 15 వేలు దాటినవాటికి చాలావరకు మళ్లీ ఓటీపీ కావాలి. కార్డు గడువు మధ్యలో తీరితే అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. బెంగళూరులో ఇంటిపన్ను ఏప్రిల్‌లో కడితే ఐదు శాతం రాయితీ. పిల్లల దగ్గర వేసవి గడిపే పెద్దవాళ్లు ఆ నెలలోనే ఊళ్లో ఉండరు. సంతకం చేసిన ఖాళీ చెక్కులు బావమరిదికి ఇచ్చి వెళ్లే పద్ధతి మన ఇళ్లలో ఇంకా ఉంది. బావమరిది మంచివాడే కావచ్చు, చెక్కు పోగొట్టుకోకుండా ఉంటాడని ఏముంది? ఉమ్మడి అకౌంటో, బ్యాంకుకు రాసిచ్చే మాండేటో ఇంతకంటే నయం.

1800 మోగదు

కార్డు పోతే, అకౌంటులోంచి డబ్బు పోతే? కార్డు వెనకాల ఉన్న 1800 నంబరుకు చేస్తే విదేశాల నుంచి మామూలుగా కలవదు. అది ఇక్కడి టోల్‌ఫ్రీ. ప్లస్ 91తో మొదలయ్యే బ్యాంకు నంబరు వేరే ఉంటుంది, దాన్ని కాగితం మీద రాసుకోవాలి. ఫోనులో రాసుకుంటే ఫోనుతో పాటే పోతుంది. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు మనదీ బ్యాంకుదీ కానప్పుడు, సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెబితే మనకు నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే కొంత మనమీద పడుతుంది. మనమే ఓటీపీ చెప్పేస్తే మాత్రం, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిందంతా మనదే. సెలవులో ఉన్నామని మెసేజీలు చూడకుండా వారం గడిపేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. ఒకరి కార్డులన్నీ ఒకే పర్సులో పెట్టకుండా, భార్యాభర్తలు చెరో బ్యాంకువి పెట్టుకుంటే ఒక జేబు పోయినా రెండోది ఉంటుంది.

తిరిగొచ్చాక మిగిలే పనులు కొద్దిగానే. యాప్‌లో విదేశీ వాడకం మీట ఆ రాత్రే ఆపేయాలి. వెళ్లేముందు ఆన్ చేసినంత శ్రద్ధగా ఎవరూ ఆపరు, దొంగకు కావాల్సింది అదే. మిగిలిన డాలర్లు 180 రోజుల్లోపు అమ్మేయాలన్నది నిబంధన. అయితే 2,000 డాలర్ల వరకు నోట్లు దగ్గరే ఉంచుకోవచ్చు. వచ్చే ఏడాది మళ్లీ వెళ్లేట్టుంటే అమ్మకపోవడమే మేలు. అమ్మితే ఎర్రంకెల బోర్డులో తక్కువ ధర, మళ్లీ కొంటే ఎక్కువ ధర. ఫారెక్స్ కార్డులో మిగిలిన సొమ్మును మాత్రం వదిలేయకండి. కొన్ని కంపెనీలు వాడని కార్డు మీద నెలనెలా రుసుము కోస్తాయి. నాణేలకు పరిమితి లేదు, మనీ చేంజర్లు వాటిని కొనరు కూడా. వాటిని అక్కడే, విమానాశ్రయంలో చివరి కాఫీకి ఖర్చు పెట్టి రండి.